బొగ్గుగనుల నీళ్ళ మీద పసుపు జెండా

"గోదావరిఖనిలో పడవ పందేలా? బొగ్గు తట్టల్లో కూర్చుని తెడ్డేస్తారా?" అని మా విశాఖపట్నం కాలేజీ స్టాఫ్ రూములో నవ్విన పెద్దమనుషులున్నారు. ఈ నాలుగు మాటలూ వాళ్ళ కోసమే. వాళ్ళలో ఒక్కరూ అటు పోలేదు. పోయినా, రైలు కిటికీలోంచి పొగగొట్టాలు కనబడగానే అద్దం దించేసుకునే రకం. నేను పోయాను, నీళ్ళ మీద తిరిగాను, తిట్లు తిన్నాను, తిరిగొచ్చాను. కాబట్టి ఇప్పుడు నేను చెబుతాను, వాళ్ళు వింటారు.

నేను భౌతికశాస్త్రం పాఠాలు చెప్పుకునే మనిషిని. చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీ నౌకా విభాగంలో తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. మోకాళ్ళు మొరాయించాక నడపడం మాని, నడిపేవాళ్ళలో తప్పులు పట్టడం మొదలుపెట్టాను. ఆ పని నా స్వభావానికి అతికినట్టు సరిపోయిందని మా ఆయన అంటారు. పందెం జరుగుతుంటే మేమిద్దరు జడ్జీలం మోటారు పడవలో వెంటపడతాం. తెరచాప తాడు ఎంత లాగాలి, ఎంత వదలాలి అన్నది నడిపేవాళ్ళ తెలివి. గాలి మారినప్పుడల్లా లాగొచ్చు, వదలొచ్చు. కానీ గాలితో పని లేకుండా తాడుని పదే పదే గుంజి తెరచాపని విసనకర్రలా ఊపకూడదు. గాలిని వాడుకోవాలి, పుట్టించకూడదు. అలా పుట్టించారని ఇద్దరు జడ్జీలకీ అనిపిస్తే ఒక్క విజిల్ ఊది, ఆ పడవ వైపు పసుపు జెండా చూపించి, దాని నంబరు అరుస్తాం. ఆ పడవ అక్కడికక్కడే రెండు చుట్లు తిరగాలి. అదే శిక్ష. ఆ తర్వాత పందెం సాగించుకోవచ్చు.

రామగుండం స్టేషను

రైలు దిగగానే ఆటో ఆయన నా సూట్‌కేసు అందుకున్నాడు.

"ఏడికి పోవాలె అక్కా?"

గెస్ట్‌హౌస్ పేరు చెప్పాను.

"ఏం పని మీదచ్చిన్రు?"

"జడ్జిని."

బండి వేగం తగ్గింది. "మా తమ్మునిది భూమి కేసున్నదక్కా. పెద్దపల్లి కోర్టుల ఏండ్ల సంది నడుస్తున్నది. జర చూస్తరా?"

కోర్టు జడ్జిని కాదు నాయనా, పడవ పందేల జడ్జినని చెప్పేసరికి చౌరస్తా వచ్చింది. "గట్లనా," అన్నాడు, గౌరవం సగానికి సగం తగ్గిపోయి. "మరి పందెంల కొట్లాట పెట్టుకుంటే మీరు ఆపుతరా?"

"నేనే పెట్టుకుంటాను."

"అయితే మా ఊరు మీకు మంచిగ కుదుర్తది," అని నవ్వి, అడిగిన దాంట్లో పది రూపాయలు తగ్గించుకున్నాడు. మా ఊళ్ళో ఆటోవాళ్ళు నవ్వితే పది పెంచుతారు.

మధ్యాహ్నం మెస్సులో జొన్నరొట్టె, తలకాయ కూర. కూరలో కారం మన వైపు లెక్క కాదు. కళ్ళు తుడుచుకుంటూ తింటుంటే ఉన్నట్టుండి బల్ల కదిలింది, స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. భూకంపమనుకుని లేచి నిలబడ్డాను. మెస్సులో ఇంకెవరూ ముద్ద ఆపలేదు. వడ్డించే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "ఓపెన్‌కాస్టు గనిల బ్లాస్టింగక్కా. తినుండ్రి. మాకదే గడియారం." సముద్రపు హోరులో పుట్టి పెరిగినదాన్ని, నాకే భూమి మీద నమ్మకం పోయింది.

జలాశయం ఒడ్డున

గోదావరికి అడ్డంగా కట్టిన బరాజ్ వెనక నీళ్ళు చాలా దూరం పరుచుకుని ఉన్నాయి. అవతల థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఇక్కడి పడవలవాళ్ళు గాలి ఎటు ఉందో ఆ పొగ చూసి చెబుతారు. పొగ ఉన్న ఎత్తులో గాలి వేరు, నీటి మీద గాలి వేరు అని నేను గట్టిగా వాదించాను. వాదన నాదే నెగ్గింది, కానీ ఆ రోజు వాళ్ళు చెప్పిన వైపే గాలి వీచింది. ఒక్కరోజుతో సిద్ధాంతం ఓడిపోదు.

నాతోపాటు రెండో జడ్జి మూర్తిగారు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి దిగిపోయారు. ఆయన ఏ మాటైనా చెప్పే ముందు గొంతు సవరించుకుని, చెప్పాక వెనక్కి తీసుకుంటారు. మా మోటారు పడవ నడిపేది ఖాజా భాయ్. ఊళ్ళో ఆయనకి మెకానిక్ షెడ్డు ఉంది. "మేడమ్, జర సంభాల్కే," అంటూనే బండరాళ్ళ మధ్యలోంచి పోనిస్తాడు.

రాష్ట్ర జట్టుకి ఎంపిక జరుగుతోంది. ఇద్దరేసి నడిపే చిన్న పడవలు. ఒక్కదానికంటే ఒక్కదానికే చోటు. గెలిచిన పడవ జాతీయ పోటీలకి మా విశాఖ సముద్రానికి వస్తుంది. సాధన చూస్తుంటేనే తెలిసింది, పోటీ రెండిటి మధ్యే. ఒకటి హైదరాబాద్ కుర్రాళ్ళది, కొత్త తెరచాప, పక్కన టోపీ పెట్టుకున్న కోచ్. రెండోది గోదావరిఖని అమ్మాయిలు స్వప్న, రజితలది. పాత పడవ, అతుకుల తెరచాప. కానీ తెరచాప అంచున కట్టిన ఊలు దారాలు రెండు వైపులా తిన్నగా వెనక్కి ఎగురుతున్నాయి. తాడు ఎంత లాగాలో అంతే లాగారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. ఎక్కువ లాగితే బయటి దారం గంతులేస్తుంది, తక్కువ లాగితే లోపలి దారం.

చిత్రమేమిటంటే ఆ పడవలో మాట వినబడదు. మిగతా పడవల్లో ఒకటే అరుపులు. ఇందులో టక్, టక్‌టక్ అని చప్పుడు మాత్రమే. ఒడ్డుకి రాగానే స్వప్నని అడిగాను.

"గంటలు మేడమ్," అంది. ఇరవై దాటిన పిల్ల, ముంజేతికి స్టీలు కడియం. "చుక్కాని నా చేతుల. తాళ్ళన్నీ రజిత చేతులనే. అది తెరచాపనే చూస్తది, ముంగటికి చూడది. నేను కడెంతోని అంచు మీద కొడ్త. ఒకటి కొడ్తె ఆపు, తాడు మొత్తం ఇడిసిపెట్టాలె. రెండు కొడ్తె వదులు. మూడు కొడ్తె గుంజు."

"మా దగ్గర పెద్ద తెరచాప తాడు చుక్కాని పట్టినవాళ్ళే పట్టుకుంటారు."

"మీ దగ్గర గని లేదు గద మేడమ్."

పక్కనే ఉన్న ఆమె తండ్రి ఓదెలు అందుకున్నాడు. గనిలో బొగ్గు టబ్బుల్ని తాడుతో పైకి లాగే హాలేజి యంత్రం ఆయన నడిపేవాడు. యంత్రం దగ్గర కూర్చున్నవాడికి లోపల టబ్బులు కనబడవు. లోపలి నుంచి గంట కొడతారు. ఒకటి ఆపు, రెండు దింపు, మూడు గుంజు. "నోటితోని చెప్తె గాలికి కొట్టుకపోతది మేడమ్. గంట పోది," అన్నాడు.

అంతలో స్వప్న తల్లి సమ్మక్క సర్వపిండి డబ్బాతో వచ్చింది. అసలు సంగతి ఆమె నోటే విన్నాను. ఓదెలు ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయ్యాడు. వారసత్వం కింద ఆ ఉద్యోగం కూతురికి వచ్చింది. చేరడానికి ఏడాది గడువున్నా, సమ్మక్కకి ఒక్క నెల ఆగడం ఇష్టం లేదు. తల్లీ కూతుళ్ళ మధ్య చివరికి కుదిరిన మాట ఏమిటంటే, ఈసారి గెలిస్తే ఏడాది పడవ, ఓడితే ఒకటో తారీకు నుంచి డ్యూటీ. డ్యూటీ అంటే మూడు షిఫ్టులు. అప్పుడిక నీళ్ళ మొహం చూసే పొద్దు ఎక్కడిది?

"జర నోట్లేసుకోండ్రి మేడమ్," అని సమ్మక్క డబ్బా నా ముందు పెట్టింది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు వాసన. నోరూరింది. వద్దన్నాను.

"మా ఉప్పు తింటే తీర్పు మారుతదా?"

"మారదు. మారిందని హైదరాబాద్ వాళ్ళంటారు."

"అనేటోళ్ళు తినకున్నా అంటరు," అని డబ్బా మూసేసింది. నిజమే. ఆ సర్వపిండి తినకపోవడం ఆ ప్రయాణంలో నేను చేసిన అతి పెద్ద త్యాగం.

ఆగిపోయిన పడవ

మూడు పందేల్లో మొదటిది స్వప్న వాళ్ళదే. రెండో పందెంలోనూ ముందున్నారు. మలుపు దగ్గర నాలుగైదు పడవలు గుంపుగా వచ్చాయి. అందులో నిజామాబాద్ పడవ తెరచాపని నిజంగానే విసనకర్ర చేసింది. నేను చూశాను, మూర్తిగారు గొంతు సవరించుకుని ఔనన్నారు. విజిల్ ఊదాను, జెండా చూపించాను, నంబరు అరిచాను. అంతా పద్ధతి ప్రకారమే.

నిజామాబాద్ పడవ తిరగడం మొదలుపెట్టింది. దాని పక్కన స్వప్న పడవ ఆగిపోయింది. రజిత రెండు చేతులూ తెరిచి తాళ్ళు మొత్తం వదిలేసింది. తెరచాపలు ఆరేసిన దుప్పట్లలా కొట్టుకుంటున్నాయి. స్వప్న టక్‌టక్‌టక్ అని కొట్టి మళ్ళీ బిగింపించేలోపల హైదరాబాద్ వాళ్ళు దాటిపోయారు. ఆ పందెం వాళ్ళది. ఇక మర్నాటి ఆఖరి పందెమే తేల్చాలి.

ఒడ్డుకి రాగానే అందరి ముందే నిలదీశాను. "మీ నంబరు కాదు, మీ వైపు జెండా లేదు. ఎందుకాగారు?"

రజిత అప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడని పిల్ల. తల వంచుకునే జవాబిచ్చింది. "ఒకటే పడ్డది గద మేడమ్."

"ఎవరికో పడింది!"

"ఒకటి పడ్డంక ఎవలికని అడుగుతరా?" అన్నాడు ఓదెలు. "ఒక్క గంట పడ్డదంటె లోపల టబ్బు కింద మనిషున్నడో, రాయున్నదో. ముందుగాల ఆపాలె. ఎవలికని తర్వాత అడగాలె. గిది మా పోరగాండ్లకు అన్నంతోని పెట్టినం."

"ఇది గని కాదండీ. ఇక్కడ అడగాలి, చూడాలి, తర్వాత ఆగాలి."

"అట్ల అడిగెటోడు మా దగ్గర ఒక్క షిఫ్టు గూడ బతకడు మేడమ్."

"మీ దగ్గర బతికినవాడు ఇక్కడ ఓడిపోతాడు."

ఇద్దరిలో ఎవరం తగ్గలేదు. చుట్టూ జనం చేరారు. ఖాజా భాయ్ మధ్యలో దూరి, "అన్నా, మేడమ్ గంట కొట్టలే, విజిల్ కొట్టింది. చాయ్ తాగుదాం పా," అని ఓదెలుని లాక్కెళ్ళాడు.

దూది

మర్నాడు పొద్దున్నే స్వప్న మా ఇద్దరి దగ్గరికీ వచ్చింది. వెనక రజిత. "ఒక మాట అడగాలె సార్, మేడమ్. రజిత చెవులల్ల దూది పెట్టుకోవచ్చునా?"

మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దూదా?"

"విజిలింటె దాని చెయ్యి ఆగుతలేదు. మనసుకు ఎరుకే, చేతికి ఎరుకలేదు. నాకు ఇనవడ్తది గద, చాలు. నేను అంచు మీద కొడ్తె ఆ అదురు దానికి కూసున్నకాడ తెలుస్తది."

మూర్తిగారికి నచ్చలేదు. ప్రమాదమన్నారు, ఇలాంటిది ఎక్కడా వినలేదన్నారు. నేను నియమాలు మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. చెవుల గురించి ఒక్క ముక్క లేదు. "పడవలో ఒకరికి వినబడుతోంది. లైఫ్ జాకెట్లున్నాయి, మన మోటారు పడవ ఉంది. వద్దనడానికి మీ దగ్గర నియమముందా, భయముందా?" అన్నాను. భయమే ఉంది. భయాన్ని నియమాల్లో రాయలేదు కాబట్టి దూదికి అనుమతి దొరికింది. హైదరాబాద్ కోచ్‌కి కూడా చెప్పాం. ఆయన నవ్వి భుజాలెగరేశాడు.

ఆఖరి పందెం

గాలి దెబ్బలు దెబ్బలుగా వస్తోంది. ఒక నిమిషం పడవ ఒరిగిపోయేంత, మరు నిమిషం దారాలు కిందికి వేలాడేంత. ఇలాంటి గాలిలోనే నడిపేవాళ్ళ సత్తా తెలిసేది. స్వప్న వాళ్ళు ప్రతి దెబ్బనీ ఒడిసిపట్టారు. గాలి రాగానే రెండు, వదులు. గాలి పోగానే మూడు, లాగు. చివరి మలుపు తిరిగేసరికి హైదరాబాద్ పడవ బాగా వెనకబడింది. ఒడ్డున గోదావరిఖని జనం ఈలలు మొదలుపెట్టారు.

అప్పుడు గాలి చచ్చిపోయింది.

స్వప్న మూడు కొట్టింది. రజిత లాగింది. రజితకి తెలిసిందో లేదోనని స్వప్నకి అనుమానం, అసలే చెవులు మూసుకుని ఉంది కదా. మళ్ళీ మూడు కొట్టింది. గని లెక్కలో పడిన ప్రతి గంటా కొత్త గంటే. రజిత కొంచెం వదిలి మళ్ళీ లాగింది. మళ్ళీ మూడు, మళ్ళీ లాగుడు. ఆ పాత తెరచాప తపతప కొట్టుకుని పడవని ముందుకి తోస్తోంది. గాలి లేదు, అల లేదు.

వాళ్ళు మోసం చెయ్యడం లేదని ఆ నీళ్ళ మీద నాకన్నా బాగా ఎవరికీ తెలీదు. కానీ నేను తూచేది మనసుల్ని కాదు, తెరచాపని. తెరచాప గాలిని పుట్టిస్తోంది.

"మూర్తిగారూ, చూశారా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "చూశాను. కానీ... అంత ముందున్నారు. దూదికి ఒప్పుకున్నదీ మనమే. ఇప్పుడు అవసరమా?"

"ఊపింది మీ హైదరాబాద్ పడవైతే కూడా ఇదే అడుగుతారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "ఊదండి," అన్నారు.

ఊదాను. పసుపు జెండా స్వప్న వైపు చాపి, నంబరు అరిచాను. ఒడ్డున ఈలలు ఒక్కసారిగా ఆగి, తిట్లు మొదలయ్యాయి. ఖాజా భాయ్ నా వైపు చూడకుండా, "ఇయ్యాల చౌరస్తాల మీకు చాయ్ పుట్టది మేడమ్," అన్నాడు.

స్వప్న తలతిప్పి జెండా చూసింది. రెండు చుట్లు తిరగాలి. దానికి వాళ్ళ గంటల్లో లెక్క లేదు. రజిత ఏమీ వినబడక తాడు పట్టుకుని తెరచాపనే చూస్తోంది. హైదరాబాద్ పడవ వెనక నుంచి జరుగుతూ వస్తోంది. స్వప్న ఒక్క ఊపున ముందుకి వంగి, రజిత చెవిలోంచి దూది లాగి నీళ్ళలోకి విసిరేసింది. ఆ పడవలో మొదటిసారి మనిషి గొంతు విన్నాను.

"తిరుగాలెనే! రెండుసార్లు! తలకాయ వంచు!"

ఎన్నో ఏళ్ళుగా శిక్షల చుట్లు చూస్తున్నాను. సగం మంది ఏడుస్తూ తిరుగుతారు, పడవ చచ్చిన చేపలా నిలబడిపోతుంది. వీళ్ళు చుక్కాని తిప్పీ తిప్పగానే తెరచాప అటు మారింది, ఇద్దరి నడుములూ ఒక్కసారే ఇటు నుంచి అటు పడ్డాయి. మొదటి చుట్టు. "మల్ల! వదులు, వదులు... గుంజు!" రెండో చుట్టు. పడవ ఉన్న కాస్త వేగాన్నీ ఎక్కడా చంపుకోలేదు. మా కాలేజీ కేడెట్లని కూర్చోబెట్టి చూపించాల్సిన పని.

చుట్లు పూర్తయ్యేసరికి హైదరాబాద్ పడవ పక్కకొచ్చేసింది. అప్పుడే కొత్త గాలి దెబ్బ నీళ్ళని నల్లగా చేసుకుంటూ వచ్చింది. హైదరాబాద్ కుర్రాళ్ళు ఆత్రంగా తాడు బిగబట్టారు, బయటి దారం గంతులేసింది. స్వప్న నోటితోనే అరుస్తోంది, రజిత అంగుళం అంగుళం వదిలి, అంగుళం అంగుళం లాగింది. గీత దాటేటప్పటికి అమ్మాయిల పడవ ముక్కు ముందుంది. సగం పడవ తేడా.

ఒడ్డు మీద

గెలిచినా ఊరు నన్ను క్షమించలేదు. నేను దిగేసరికి ఓదెలు ఎదురొచ్చాడు. "ఏందమ్మా! గెలిచే పోరీల మీద ఊదుతరా? ఆడిపిల్లల ఉసురు తగుల్తది మీకు!" వెనక పదిమంది.

నేను జవాబు చెప్పేలోపలే హైదరాబాద్ కోచ్ ఫోన్ పట్టుకుని గబగబా వచ్చాడు. "మేడమ్, మేం ఫిర్యాదు పెడుతున్నాం. వాళ్ళు తెరచాప ఊపారు. మొత్తం వీడియో ఉంది. గెలుపు రద్దు చెయ్యాలి."

"ఊపారు," అన్నాను. "నేనూ చూశాను, ఆయనా చూశారు. అందుకే ఊదాం. రెండు చుట్లూ తిరిగారు. మీ వీడియోలో అది కూడా ఉంటుంది, చూసుకోండి. ఒక తప్పుకి రెండు శిక్షలు లేవు."

కోచ్ తమ ఊరాయన కదా అని మూర్తిగారి వైపు తిరిగాడు. ఈసారి మూర్తిగారు గొంతు సవరించుకోలేదు. "శిక్ష నీళ్ళ మీదే తీరిపోయింది. ఇందులో వినడానికేమీ లేదు," అన్నారు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు కూడా.

కోచ్ వెళ్ళిపోయాక ఓదెలు నా దగ్గరికి జరిగాడు. "అంటె మేడమ్, మీరు ఊదకపోతే..."

"ఆ వీడియో మా ముందుకొచ్చేది. మీ పిల్లల గెలుపు అక్కడ పోయేది. ఊదాను కాబట్టి నిలబడింది."

ఆయనకి అర్థమైంది. నాకు థాంక్స్ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. "అయినా జర ముందుగాల ఊదుంటె ఇంకింత దూరంల గెలుస్తుండె," అన్నాడు. దాని మీద ఇంకాసేపు వాదించుకున్నాం.

స్వప్న బట్టలు పిండుకుంటూ వచ్చి తల్లి ముందు నిలబడింది. సమ్మక్క కూతురి తడి జుట్టుని కొంగుతో గట్టిగా, కోపంగా తుడిచింది.

"ఏడాది," అంది. "ఒక్క దినం ఎక్కువ గాదు."

తర్వాత నా వైపు తిరిగింది. "మేడమ్, మీ సముద్రంల అలలు ఎంతెంత ఉంటయి?"

అబద్ధమాడితే ఆమె రాత్రి నిద్రపోయేది. నాకు చేతకాదు. "ఈ నీళ్ళలో చూసిన దానికి పదింతలు."

సమ్మక్క భర్త వైపు చూసింది. "ఇన్నవా? రేపటి సంది ఇద్దరు పోరీలకు ఈత మళ్ళ నేర్పియ్యి. నేనొచ్చి ఒడ్డున కూసుంట."